కిటికీ కన్నా ముందు మంచం చూడండి



ఓడ ప్రయాణం అంటే ఒకప్పుడు మన తెలుగువాళ్ళలో చాలామందికి విశాఖ రేవు నుంచి అండమాన్ వెళ్ళడమే. డీలక్సు, ఫస్టు క్లాసు, సెకండు క్లాసు, బంకు అని టికెట్లు. బంకు తీసుకున్నవాళ్ళకు పెద్ద హాల్లో వరసగా రెండంతస్తుల పడకలు, అందరికీ కలిపి బాత్రూములు. పని మీద వెళ్ళేవాళ్ళు, అక్కడ స్థిరపడినవాళ్ళు ఎక్కే ఓడలవి. ఇప్పుడు విహారం కోసం ఓడ ఎక్కే రోజులు వచ్చాయి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇక అమెరికాలో, ముఖ్యంగా సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న మన పిల్లలు, వేసవిలో తమ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని అలాస్కా క్రూయిజుకు తీసుకువెళ్ళడం మామూలైపోయింది.

ఈ ప్రయాణానికి గది ఎలా తీసుకుంటున్నాం? ఫోనులో ఫొటోలు చూస్తాం. లోపలి గది ఇంత, కిటికీ ఉన్నది ఇంత, బాల్కనీ ఉన్నది ఇంత అని ధరలు ఉంటాయి. "అమ్మకు సముద్రం కనబడాలి" అని కొడుకో కూతురో ప్రేమకొద్దీ బాల్కనీ గది తీసుకుంటారు. ఆ గదిలో అమ్మ ఎక్కడ పడుకుంటుంది, మంచం ఎంత ఎత్తు ఉంటుంది, బాత్రూము గుమ్మానికి గడప ఉందా అని మాత్రం అడగరు.

నేను ఫిజియోథెరపిస్టుని. మోకాలి ఆపరేషన్లు అయినవాళ్ళు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు, వాకర్ మీదా వీల్‌చైర్ మీదా రోజులు నడిపేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఓడలో గది తీసుకోవాలంటే ఏం చూడాలని వాళ్ళ పిల్లలు అడిగినప్పుడు నేను చెప్పేది ఒకటే. అర్ధరాత్రి దాటాక, దీపం ఆర్పి ఉన్న గదిలో, కింద ఓడ కొద్దికొద్దిగా కదులుతున్నప్పుడు, ఆ మనిషి మంచం దిగి బాత్రూముకు వెళ్ళి, క్షేమంగా వచ్చి మళ్ళీ పడుకోగలగాలి. ఆ పదడుగుల దారి సరిగ్గా ఉన్న గదే మంచి గది. సముద్రం చూడటానికి పైన డెక్కు ఉంది, రోజంతా చూడొచ్చు.

ముందు మంచం సంగతి చెప్తాను. క్రూయిజ్ ఓడల్లో మామూలు గదుల్లో ఎక్కువగా రెండు విడి మంచాలు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు మూడడుగుల వెడల్పు. భార్యాభర్తలు కావాలంటే రెండింటినీ కలిపి పెద్ద మంచంగా వేస్తారు, వద్దంటే విడదీసి మధ్యలో దారి వదులుతారు. బుకింగు కాగితంలో క్వీన్ అనో కింగ్ అనో రాసి ఉన్నా, చాలా గదుల్లో అది రెండు పరుపుల జతే. కలిపి కావాలా, విడిగా కావాలా అన్నది బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఎక్కాక చెప్పినా గది చూసుకునే స్టూవర్డు చాలావరకు మార్చి వేస్తాడు. అయితే కొన్ని గదుల్లో మంచాలు నేలకో గోడకో బిగించి ఉంటాయి, ఎవరు చెప్పినా కదలవు. అందుకే ముందే తెలుసుకోవాలి.

కలిపి వేయడం, విడదీయడం అన్నది ఇష్టాయిష్టాల సంగతిగా కనిపిస్తుంది కానీ, ఒంట్లో ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం. కలిపి వేసినప్పుడు గోడ పక్కన పడుకున్నవాళ్ళకు దిగడానికి జానెడు, మూరెడు సందే మిగులుతుంది. వాకర్ అందులో పట్టదు. విడదీసి వేస్తే ఒక్కో మంచం ఒక్కో గోడకు ఆనుకుంటుంది, అప్పుడు ఒక వైపు నుంచే దిగాలి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనంగా ఉన్న మనిషి కుడి వైపు నుంచి దిగగలిగితే బలమున్న కాలూ చెయ్యీ ముందు పనిచేస్తాయి. ఆ మంచం తప్పు గోడకు ఉందంటే రాత్రికి రాత్రి ఆ మనిషి మళ్ళీ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుంది. ఇంట్లో సొంతంగా లేస్తున్నవారు ఓడలో లేవలేకపోయారంటే కారణం ఇలాంటిదే అయి ఉంటుంది. గది ప్లాను తెప్పించుకుని, దిండు ఎటు ఉంటుంది, దిగేది ఎటు, బాత్రూము తలుపు ఎటు అని గీసి చూసుకోండి.

ఎత్తు ఇంకో విషయం. ఓడల్లో పెట్టెలు దాచుకునే చోటు తక్కువ కాబట్టి మంచం కింద సూట్‌కేసులు తోసేలా కాస్త ఎత్తుగా వేస్తారు. పొడవైనవాళ్ళకు ఇది సుఖమే. అయిదడుగులు కూడా లేని మన అమ్మమ్మలకు మాత్రం మంచం అంచున కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవు. కాలు ఆనకపోతే జారి దిగాలి, జారి దిగేటప్పుడే పడతారు. అలాగని మరీ తక్కువ ఎత్తులో ఉంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు లేవలేరు. కూర్చున్నప్పుడు పాదం మొత్తం నేలకు ఆనాలి, తుంటి మోకాలి కంటే కిందికి దిగకూడదు. అదీ కొలత. ఇంట్లో వాళ్ళు ఇబ్బంది లేకుండా లేస్తున్న మంచం ఎత్తును పరుపుతో సహా టేపు పెట్టి కొలిచి రాసుకోండి. ఆ అంకె చెప్పి ఓడ సంస్థను అడగండి.

పరుపు మెత్తదనం గురించీ అడగొచ్చు. మనవాళ్ళలో చాలామందికి దూది పరుపు, కొబ్బరి పీచు పరుపు అలవాటు. నడుము దిగబడిపోయే పరుపు మీద పక్కకు తిరగడమే కష్టం. కొన్ని ఓడల్లో అడిగితే పరుపు కింద చెక్క పలక వేస్తారు. మరీ గట్టిగా ఉందంటే పైన పల్చటి మెత్తటి పొర వేస్తారు. మంచం పక్కన పట్టుకునే కమ్మీ కావాలన్నా, రోగిని ఎత్తి కూర్చోబెట్టే లిఫ్టు వాడుతున్నా, మంచం కింద ఖాళీ ఉందా లేదా అన్నది ప్రధానం. ఆ లిఫ్టు కాళ్ళు మంచం కిందికి దూరాలి. కింద పెట్టెలా మూసేసిన మంచమైతే అది పనిచేయదు. ఇలాంటి సామాను అద్దెకిచ్చి నేరుగా గదికే చేర్చే సంస్థలు పెద్ద క్రూయిజ్ రేవుల్లో ఉన్నాయి. ఓడ సంస్థ ద్వారానే ముందుగా మాట్లాడుకోవాలి.

ఇక కుటుంబమంతా ఒకే గదిలో సర్దుకుందామనుకునేవాళ్ళ సంగతి. డబ్బు మిగుల్తుందని నలుగురి గది తీసుకుంటారు. అందులో కింద రెండు మంచాలు, మిగతా ఇద్దరికి గోడలోంచో కప్పులోంచో కిందికి దింపే పడకలు, లేదా విప్పితే పరుపయ్యే సోఫా. దింపే పడక మన రైల్లో పై బెర్తు లాంటిదే, నిచ్చెన వేసి ఎక్కాలి. పిల్లలకు అదో సరదా. సోఫా పరుపు పల్చగా, నేలకు దగ్గరగా ఉంటుంది. అది కూడా పెద్దవాళ్ళది కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. సంస్థలు చూపించే ఫొటోలు పగటి గదివి. రాత్రి సోఫా విప్పి, పై పడక దింపి, నిచ్చెన నిలబెట్టాక నేల కనిపించదు. బాత్రూముకు దారి ఆ సోఫా పరుపు మీదుగానో నిచ్చెన పక్కనుంచో పోతుంది.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ ఇలాంటి గదిలో వారం రోజులు ఉండి వచ్చారు. కొడుకు, కోడలు, మనవడు, తను. కింది మంచమే ఇచ్చారు, ఆ విషయంలో ఏ లోటూ చేయలేదు. కానీ రాత్రి లేవాలంటే మనవడు పడుకున్న సోఫాను దాటుకుని వెళ్ళాలి. పిల్లాడి నిద్ర చెడుతుందని, కొడుకును లేపాల్సి వస్తుందని, ఆవిడ సాయంత్రం అయిదు తర్వాత నీళ్ళు తాగడం మానేశారు. బీపీ మాత్రలు వేసుకునే మనిషి. మూడో రోజుకి కళ్ళు తిరిగాయి. ఓడ పడలేదేమో అనుకున్నారు అందరూ. తిరిగి వచ్చాక నాతో మాట్లాడుతూ మామూలుగా చెప్పారు ఈ మాట, అదేం పెద్ద విషయం కాదన్నట్టు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇలాగే ఉంటారు. ఇబ్బంది చెప్పరు, నీళ్ళు తగ్గించుకుంటారు. పిల్లలు అడక్కపోతే ఎప్పటికీ బయటికి రాదు.

ఇలాంటి కుటుంబాలకు నేను చెప్పేది, మధ్యలో తలుపు ఉన్న రెండు గదులు తీసుకోమని. పక్కపక్క గదులు వేరు, లోపల నుంచే తలుపు ఉండే జంట గదులు వేరు. జంట గదులే అడగాలి. పెద్దవాళ్ళకు ఏకాంతం ఉంటుంది, పిలిస్తే పలికే మనిషి ఉంటారు. నాలుగో మనిషి టికెట్టులో మిగిలే డబ్బు కన్నా ఆ తలుపు విలువ ఎక్కువ. ఒక్కోసారి గదిలో నాలుగు పడకలు ఉన్నా ఇద్దరికే ఇస్తామంటారు. ఓడలో ప్రతి భాగానికీ ఫలానా లైఫ్‌బోటు అని కేటాయింపు ఉంటుంది. ఆ బోటులో సీట్లు నిండిపోతే అక్కడి గదుల్లో మూడో మనిషిని ఎక్కించుకోరు. అది ప్రాణరక్షణ లెక్క, బతిమాలినా మారదు. కాబట్టి పెందలాడే బుక్ చేసుకోవాలి.

బాత్రూముకు వద్దాం. మామూలు ఓడ గదుల్లో బాత్రూము తలుపు రెండడుగులకు లోపే ఉంటుంది. నీళ్ళు గదిలోకి పారకుండా గుమ్మం దగ్గర గడప ఎత్తుగా కడతారు. ఇంట్లో గడప మనకు అలవాటే, కళ్ళు మూసుకుని దాటుతాం. కొత్త చోట, నిద్రమత్తులో, నేల ఒరుగుతున్నప్పుడు అదే కాలికి తగులుతుంది. లోపల షవరు ఉన్న చోటు చాలా ఇరుకు, ఒక కర్టెన్ వేలాడుతుంటుంది. తూలినప్పుడు చెయ్యి సహజంగా తువాలు కమ్మీ మీదికి పోతుంది. తువాలు కమ్మీ తువాలును మోయడానికి పెట్టింది, మనిషి బరువును మోయదు. కొందరు గోడకు అతుక్కునే ప్లాస్టిక్ పిడులు కొనుక్కెళ్తారు. వాటినీ నమ్మవద్దు. మరలతో గోడకు బిగించిన కడ్డీయే కడ్డీ. మన అలవాటు ప్రకారం నీళ్ళు వాడుకునేవాళ్ళు ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టుకోండి, చాలా ఓడల్లో కమోడ్ పక్కన హ్యాండ్ షవర్ ఉండదు.

నడక ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం విడిగా కట్టిన గదులు ఉంటాయి. వాటి గుమ్మం వెడల్పు కనీసం 32 అంగుళాలు. వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి లోపల 5 అడుగుల ఖాళీ. బాత్రూముకు గడప లేకుండా చక్రాలతో నేరుగా షవరు కిందికి పోవచ్చు. అక్కడ మడిచే పీట, చేతికి అందే షవరు, 17 నుంచి 19 అంగుళాల ఎత్తు కమోడ్, దాని పక్కన, వెనక బిగించిన కడ్డీలు. అమెరికా కొలతల ప్రకారం కట్టినవి ఇలా ఉంటాయి. బట్టల అలమరలో కడ్డీ కూడా కూర్చుని అందుకునేంత కిందికి ఉంటుంది. అయితే ఇలాంటి గదులన్నీ ఒక్కలా ఉండవు. పూర్తిగా వీల్‌చైర్ మీద ఉండేవాళ్ళ కోసం కొన్ని, మంచానికి ఒక వైపు నుంచే వీల్‌చైర్ చేరగలిగేవి కొన్ని, నాలుగు అడుగులు నడవగలిగినవాళ్ళ కోసం కడ్డీలు, పీట మాత్రం ఉండేవి కొన్ని. మోకాలి ఆపరేషన్ అయి చేతికర్రతో నడిచే నాన్నగారికి మూడో రకం సరిపోవచ్చు. అది ఆయనకు చాలినప్పుడు మొదటి రకం తీసుకోకూడదు, ఎందుకంటే అవి చాలా తక్కువ ఉంటాయి. మొదటి రకం లేకపోతే ఓడే ఎక్కలేని మనిషి ఇంకొకరు ఉంటారు. గది పెద్దగా ఉంటుందని ఏ ఇబ్బందీ లేకుండానే అడిగి తీసుకునేవాళ్ళున్నారు. అది అన్యాయం. దానికి ఎదురుగా, నిజంగా అవసరం ఉండీ "మనకెందుకు ఆ గది, మనం వికలాంగులమా" అని వద్దనేవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. ఆ గది ఎవరి మీదా వేసే ముద్ర కాదు. సొంతంగా స్నానం చేసి రాగలగడం కన్నా గౌరవం ఏముంది?

వీల్‌చైర్ వాడేవాళ్ళు ఒక కొలత తప్పనిసరిగా తీసుకోండి. సీటు వెడల్పు తీసుకుంటే చాలదు. చక్రాలకు బయట, చేత్తో తిప్పే రింగుల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలవాలి. మామూలు పెద్దల కుర్చీ 24 నుంచి 27 అంగుళాలు వస్తుంది. మామూలు గది తలుపులో అది పట్టదు. బయట వరండాలో పెట్టుకుంటామంటే కుదరదు. మంట, పొగ వచ్చినప్పుడు జనం పరుగెత్తే దారి అది, అక్కడ కుర్చీ గానీ బ్యాటరీ స్కూటర్ గానీ ఉంచనివ్వరు. గదిలోనే పెట్టుకోవాలి, గదిలోనే ఛార్జింగు పెట్టుకోవాలి. అందుకే గదిలో నడవగలిగినవాళ్ళయినా స్కూటర్ తెచ్చుకుంటే వెడల్పు తలుపు గది కావాలి.

ఇక్కడ మనవాళ్ళకు ఒక భ్రమ ఉంది. శంషాబాదు విమానాశ్రయంలో వీల్‌చైర్ అడిగితే మనిషి వచ్చి తోసుకుంటూ విమానం దాకా తీసుకువెళ్తాడు. ఓడలో కూడా అలాగే ఉంటుందనుకుంటారు. ఓడ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే ఆ సాయం ఉంటుంది. మధ్యలో భోజనానికీ, వినోదానికీ తోసుకుని వెళ్ళడానికి మనిషిని ఇవ్వరు. కుర్చీ మీదే, తోసే చెయ్యీ మీదే. దూరాలు తక్కువేమీ కాదు. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు సుమారు 365 మీటర్లు. గది ఒక కొసన, భోజనశాల ఇంకో కొసన ఉంటే మూడు పూటలా ఎంత నడక అవుతుందో చూసుకోండి. గది ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో, లిఫ్టుకు దగ్గరగా ఉంటే రెండు లాభాలు. ఊపు తక్కువ తెలుస్తుంది, నడక తగ్గుతుంది. మరీ లిఫ్టు ఎదురుగా వద్దు, అర్ధరాత్రి దాకా మాటలు వినిపిస్తాయి. గది పైన ఏముందో కూడా చూడండి. డాన్సు హాలో వంటశాలో ఉందంటే నిద్ర ఉండదు.

వెడల్పు తలుపులు, గడప లేని బాత్రూములు ఉన్న గదులు వాటంతటవే రాలేదు. అమెరికాలో వికలాంగుల చట్టం 1990లోనే వచ్చింది. అయినా క్రూయిజ్ ఓడల్లో చాలావాటి మీద బహామాసు, పనామా లాంటి దేశాల జెండాలు ఉంటాయి కాబట్టి ఆ చట్టం తమకు వర్తించదని సంస్థలు వాదించాయి. 1998, 1999లలో హ్యూస్టన్ రేవు నుంచి నార్వేజియన్ క్రూయిజ్ లైన్ ఓడలెక్కిన కొందరు వికలాంగ ప్రయాణికులు కోర్టుకు వెళ్ళారు. మంచి చోట ఉన్న గదుల్లోకి వీల్‌చైర్ పోదనీ, గుమ్మాల దగ్గర ఎత్తు గడపలున్నాయనీ, అదనంగా డబ్బు తీసుకున్నారనీ వాళ్ళ ఫిర్యాదు. అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఆ కేసులో (స్పెక్టర్ కేసు అంటారు) 2005 జూన్‌లో తీర్పు వచ్చింది. అమెరికా జలాల్లో తిరిగే విదేశీ జెండా ఓడలకూ ఆ చట్టం వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ఓడ భద్రతకు ముప్పు తెచ్చే మార్పులు, సముద్ర భద్రత ఒప్పందాలకు విరుద్ధమైన మార్పులు మాత్రం చేయనక్కర్లేదంది. ఐరోపాలో 2010లో చేసిన నిబంధన 2012 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అక్కడి రేవుల్లో ఓడ ఎక్కే వికలాంగులకూ, కదలడం కష్టమైన వృద్ధులకూ ఉచితంగా సాయం చేయాలి. గది విషయంలో మీకు ప్రత్యేక అవసరం ఉంటే టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి, మిగతా సాయాల కోసం కనీసం 48 గంటల ముందు చెప్పాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అన్ని రకాల రవాణా సాధనాలనూ, పాతవాటిని మార్చడంతో సహా, అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది. ఓడ కూడా రవాణా సాధనమే.

ఈ నిబంధనలు రాకముందు కట్టిన ఓడల్లో ఈ ఏర్పాట్లు తక్కువగా ఉండొచ్చు. పాత ఓడ, కొత్త ఓడ తేడా అందుకే తెలుసుకోవాలి. విశాఖ వచ్చిన ఎంప్రెస్ 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ. ఆ కాలపు ఓడల్లో గదులు చిన్నవి. వెళ్ళవద్దని నేను అనడం లేదు, దగ్గర్లో దొరికే ప్రయాణం, మన భోజనం దొరికే ప్రయాణం. గది నెంబరుతో సహా కొలతలు అడిగి తీసుకుని వెళ్ళండి.

వినికిడి తగ్గినవాళ్ళకు చాలా ఓడల్లో ఒక సరంజామా ఇస్తారు. తలుపు కొడితే దీపం వెలుగుతుంది, ప్రమాద గంట మోగితే దీపం మెరుస్తుంది, దిండు కింద పెట్టిన పరికరం కదిలి నిద్ర లేపుతుంది. రాత్రి వినికిడి యంత్రం తీసి పడుకునే తాతగారికి ఇది లేకపోతే గంట మోగినా తెలియదు. అడిగినవాళ్ళకే ఇస్తారు. గురక జబ్బుకు సీప్యాప్ యంత్రం వాడేవాళ్ళు మంచం పక్కన ప్లగ్గు ఉందో లేదో కనుక్కోండి. సొంత ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలా ఓడల్లో ఎక్కనివ్వరు, వాళ్ళనే అడగాలి. ఆ యంత్రంలో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా ముందే చెప్పి పెట్టించుకోండి. ఇన్సులిన్ దాచడానికి గదిలో ఉండే చిన్న ఫ్రిజ్‌ను నమ్మకుండా మందుల ఫ్రిజ్ అడగండి. మతిమరుపు జబ్బుతో రాత్రిళ్ళు లేచి తిరిగే పెద్దవాళ్ళు ఉంటే బాల్కనీ గది అసలు వద్దు, జంట గదుల్లో లోపలిదే మేలు.

లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు దించే చోట్లు కొన్ని ఉంటాయి, మన లక్షద్వీపాల్లో అలాగే దించుతారు. గ్రీసులో సాంతోరినీ దగ్గరా అంతే. అలలు ఎక్కువగా ఉంటే వీల్‌చైర్‌ను ఆ పడవలోకి ఎక్కించరు. ఆ రోజు ఓడలోనే ఉండాల్సి వస్తుందని ముందే తెలిస్తే మనసు కష్టపడదు. గది సంగతి కాకపోయినా సియాటిల్ వెళ్ళేవాళ్ళకు ఒకటి చెప్పాలి. అక్కణ్ణుంచి అలాస్కా వెళ్ళివచ్చే పెద్ద ఓడలు సాధారణంగా కెనడాలోని ఏదో ఒక రేవులో, ఎక్కువగా విక్టోరియాలో, ఆగుతాయి. విదేశీ జెండా ఓడలు మధ్యలో విదేశీ రేవు తాకాలని 1886 నాటి అమెరికా చట్టం. భారత పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకు కెనడా వీసా కూడా కావాలి. అది లేక రేవు దాకా వెళ్ళి తిరిగొస్తే ఎంత బాధ!

ఓడ బయల్దేరే ముందు అందరికీ ప్రమాద సమయంలో ఎక్కడ గుమికూడాలో చూపిస్తారు. ప్రమాదం జరిగినప్పుడు లిఫ్టులు వాడనివ్వరని గుర్తుంచుకోండి. మెట్లు దిగలేనివాళ్ళ పేర్లు, గది నెంబర్లు సిబ్బంది దగ్గర రాసి ఉంటే ఆ సమయంలో వాళ్ళే కుర్చీతో వస్తారు. ఆ పేరు రాయించడం మీ పని. మొహమాటంతో దాచిపెట్టకండి.

బుకింగులో రెండు జాగ్రత్తలు. "గది ఏదైనా సరే, మేమే ఇస్తాం" అని తక్కువ ధరకు అమ్మే టికెట్లు ఉంటాయి. ఒంట్లో ఇబ్బంది ఉన్నవాళ్ళకు అవి పనికిరావు. రెండోది, ఏజెంటు నోటి మాట మీద ఆగకండి. ప్రత్యేక అవసరాల ఫారం అని ప్రతి పెద్ద సంస్థ దగ్గరా ఉంటుంది. అది నింపి, మంచాలు ఎలా వేయాలో, ఎంత ఎత్తో, ఏ పరికరాలు కావాలో రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకుని దగ్గర పెట్టుకోండి. ఎక్కిన రోజున గదిలోకి వెళ్ళగానే పెట్టెలు విప్పకముందే మంచం మీద కూర్చోబెట్టి, లేపి, బాత్రూముకు నడిపించి చూడండి. తేడా ఉంటే ఆ గంటలోనే చెప్పాలి. అప్పుడైతే మార్చే వీలుంటుంది.

విశాఖలో టెర్మినల్ కట్టుకున్నాం, ఓడలను పిలుస్తున్నాం. ఓడ సంస్థలకూ పర్యాటక శాఖలకూ నాదొక విన్నపం. ధరలు రాసినట్టే ప్రతి గదికీ తలుపు వెడల్పు, గడప ఎత్తు, మంచం ఎత్తు తెలుగులో రాసి పెట్టండి. అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించాలనుకుంటున్న పిల్లలకు ఇంకొక విన్నపం. బాల్కనీ సంగతి తర్వాత, ముందు వాళ్ళ పక్కన కూర్చుని రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, ఎటు వైపు నుంచి దిగుతున్నారో అడగండి. మంచం, కుర్చీ కొలిచి కాగితం మీద రాయండి. ఆ కాగితం చేత పట్టుకుని సంస్థకు ఫోన్ చేయండి. మీరడిగిన కొలత చెప్పలేని సంస్థ దగ్గర గది తీసుకోకండి.